పల్లికాయలో రెండు పేర్లు

ఆ పెళ్లి పత్రికను చేతిలోకి తీసుకున్న డిటెక్టివ్ భీమమ్మ, అది కేసులో సాక్ష్యమన్న సంగతి కాసేపు మరిచిపోయింది.

అరచేతిలో ఇమిడే పల్లికాయ అది. మొత్తం కాగితంతో చేసిందే. పైన గరుకు గరుకు గీతలు, నడుమ నొక్కు, ఒక కొసన అప్పుడే చేనులోంచి పీకినట్టు చిన్న తొడిమ. ఆ తొడిమ పట్టి లాగితే లోపలి జరీ పోగు జారి, కాయ రెండు చిప్పలుగా విచ్చుకుంటుంది. అందులో ఎర్రపొట్టు రంగు కాగితంతో చుట్టిన రెండు గింజలు. ఒక గింజ విప్పితే పెళ్లికూతురి పేరు, రెండో గింజ విప్పితే పెళ్లికొడుకు పేరు. పల్లి పండించే ఇంటి పిల్ల పెళ్లికి ఇంతకంటే తగిన పిలుపు ఇంకేముంటుంది అనుకుంది భీమమ్మ. పోలీసు శాఖలో ఉన్నన్నాళ్లూ ఆమె చేతికి వచ్చిన కాగితాలన్నీ ఏదో ఒక ఇంటిని ఏడిపించినవే. చూడగానే నవ్వు తెప్పించే కాగితం ఇన్నేళ్లకు దొరికింది.

దొరికిందనుకుంటే, అది కూడా ఏడిపించేదే అయి కూర్చుంది.

బల్ల మీద అలాంటి పల్లికాయలే రెండున్నాయి. మొదటిది ఊరందరికీ పంచింది. ఆత్మకూరు రైతు మల్లయ్య కూతురు రమ్యకూ, బిజినేపల్లి అబ్బాయి వెంకటేష్‌కూ ఎల్లుండి పెళ్లి అని అందులో ఉంది. రెండోది రమ్య దిండు కింద దొరికింది. అందులో వెంకటేష్ లేడు. రమ్య పక్కన రాకేష్ అనే పేరుంది. రమ్య నిన్న పొద్దున్నుంచి కనిపించడం లేదు. ఫోను ఇంట్లోనే వదిలేసి పోయింది.

కూతురిని వెతికి పెట్టమని మల్లయ్య వచ్చి బతిమాలితే భీమమ్మ ఈ పని ఒప్పుకుంది. ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ, తనంతట తానే ఉద్యోగం వదిలి వనపర్తిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. పేరు విని, పంచాయితీలు తీర్చే ఏ పెద్దవ్వనో ఊహించుకుని వచ్చినవాళ్లు ఆమె మొదటి ప్రశ్నకే సర్దుకుని కూర్చుంటారు.

ఇప్పుడామె ఉన్నది గద్వాలలో, ఆ పల్లికాయలు తయారైన చోట. మానస అనే అమ్మాయి పనిగది అది. పక్క గదిలో ఆమె తండ్రి అనంతయ్య మగ్గం ఆడుతూనే ఉంది. మానస ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నవాడు ఎస్సై లక్ష్మణ్. కొత్తగా కొలువులో చేరినప్పుడు భీమమ్మ చేతి కిందే పనిచేశాడు. కలం ఎలా పట్టాలో, నోరు ఎలా పట్టాలో రెండూ ఆమె దగ్గరే నేర్చుకోవాల్సింది. మొదటిది బాగానే అబ్బింది.

రమ్య లేచిపోయిందని అతను తేల్చేశాడు. దొంగచాటుగా ఇంకో పత్రిక చేయించుకుంది, ప్రేమించినవాడితో వెళ్లిపోయింది, అంతే. ఆ ప్రేమించినవాడు కూడా దొరికాడట. రమ్యతో పాటు వనపర్తి కాలేజీలో చదివిన రాకేష్‌ను, అతను పనిచేసే సెల్‌ఫోన్ల దుకాణం నుంచి పట్టుకొచ్చి స్టేషన్లో కూర్చోబెట్టారు. కాలేజీ అయిపోయాక ఆ పిల్లతో మాట కూడా లేదని అతను మొత్తుకుంటున్నాడు. ఈ ఈడు పిల్లలు చదివిన ఏ కాలేజీలోనైనా రాకేష్ అనేవాడు దొరకకపోతే వింత గాని, దొరికితే వింతేముందని భీమమ్మ లోపలే నవ్వుకుంది.

"పిల్లను తీస్కొని లేచిపోయినోడు దుకాణంల కూసొని ఫోన్లు అమ్ముకుంట దొరుకుతడా లక్ష్మణ్?"

"దాచిపెట్టి, ఏమెరగనట్టు వచ్చి కూసున్నడు మేడం. ఈ అమ్మాయి నోరిప్పితే ఆ సంగతి కూడ తేల్తది."

ఆ అమ్మాయి నోరిప్పేలా లేదు. రెండో పత్రిక చేసింది తానేనని మొదటే ఒప్పుకుంది. ఎవరు చేయించారంటే మాత్రం పెదవి కదపడం లేదు. జీపెక్కిస్తే చెప్తావని లక్ష్మణ్ బెదిరించాడు.

"జీపెక్కినా చెప్ప సార్. మాటిచ్చిన."

గొంతు పెంచకుండా, తల దించకుండా అంది. భీమమ్మకు ఆ పిల్ల నచ్చింది. నచ్చినవాళ్లను వదిలేసే అలవాటు మాత్రం ఆమెకు లేదు. లక్ష్మణ్ ప్రశ్నలు లక్ష్మణ్‌కు వదిలి లేచి గదంతా చూడసాగింది.

చూసిన కొద్దీ చూడాలనిపించే గది. ఒక చీర మడతంత పత్రిక ఉంది. కొంగు పట్టి లాగితే మడతలన్నీ విడిపోయి, అంచు పొడుగునా పెళ్లివారి పేర్లు కనిపిస్తాయి. నేతవాళ్ల ఇంటి పెళ్లికి చేసింది అది. పక్కనే ఒక బస్సు కండక్టరు పెళ్లి కోసం చేసిన టికెట్ల కట్ట ఉంది. ఒక్కో టికెట్టు చింపుతూ పోతే పసుపు దంచడం, మంగళస్నానం, లగ్గం, విందు వరసగా వస్తాయి. చిట్టచివరి టికెట్టు మీద 'చిల్లర అడగరాదు, ఆశీర్వాదం ఇవ్వవలెను' అని రాసి ఉంది. తాంబూలం సంచులకు కట్టడానికి తమలపాకుల్లా కత్తిరించిన చీటీలు, విడిది ఇంటికి తగిలించే కాగితపు తోరణాలు. ఒక చోట అమ్మమ్మల పాత నూలు చీరలు నానబెట్టి దంచి, ఆ గుజ్జుతోనే కాగితం ఆరబెట్టారు. ఎవరి పెళ్లికి వాళ్ల ఇంటి ముచ్చట వెతికి పట్టుకోవడం అందరికీ వచ్చే విద్య కాదు. ఈ పిల్ల ముందు ఇంటిని చదువుతుంది, తర్వాతే కత్తెర పట్టుకుంటుంది.

చదువుతుంది కనుకే తనకు పనికొస్తుందని భీమమ్మకు తోచింది.

తయారైన పత్రికలన్నిటికీ నాలుగు మూలలా పసుపు ఉంది. బల్ల కింద పసుపు కలిపిన గిన్నె, అందులో దూది పుల్ల. ఇంకా మడత పెట్టని కాగితాలకు కూడా పసుపు పెట్టడం అయిపోయింది. ఈ గది నుంచి ఏ పత్రికా పసుపు లేకుండా గడప దాటదన్నమాట.

ఆమె తిరిగి వచ్చి రెండు పల్లికాయలనూ విప్పి పక్కపక్కన పెట్టింది. ఊరికి పంచినదాని గింజల కాగితాలకు మూలలు పచ్చగా ఉన్నాయి. దిండు కింద దొరికినదాన్ని వెలుతురుకు పట్టి చూసింది, వాసన చూసింది. ఎక్కడా చుక్క పసుపు లేదు.

మరిచిపోయి ఉంటుందని లక్ష్మణ్ కొట్టిపారేశాడు.

"పసుపు పెట్టని పిలుపు దినాలకే పోతది లక్ష్మణ్. పెండ్లికి పోదు. ఇది పెండ్లి పత్రిక కాదని చేసేటప్పుడే ఈమెకు ఎరుక. ఏం మానసా?"

మానస బల్ల కింది పసుపు గిన్నె వైపు చూసింది.

"లగ్గం కాని కాగితానికి నేను పసుపు పెట్ట మేడం" అంది.

అంటే రమ్యకూ రాకేష్‌కూ పెళ్లన్నది వట్టి మాట. ఆ పత్రిక జనం చూసి నమ్మడానికే పుట్టింది. లక్ష్మణ్ మొహం ఒక్క క్షణం వెలవెలబోయింది గాని, వెంటనే సర్దుకున్నాడు. లేచిపోవడానికి పసుపు అడ్డమా అన్నాడు. అప్పటికే భీమమ్మ కళ్లు అక్షరాల మీద పడ్డాయి. రెండు పత్రికల్లోనూ మాటలు ఒక్కటే, ఒక్క చోట తప్ప. మొదటిదానిలో 'మా ఏకైక పుత్రిక చి.ల.సౌ. రమ్య' అని ఉంది. రెండోదానిలో 'మా ద్వితీయ పుత్రిక' అని ఉంది.

ఒక్కతే కూతురున్న ఇంట్లో రెండో కూతురెక్కడిదని అడిగితే, అచ్చుతప్పు అన్నాడు లక్ష్మణ్. ఆ మాట మానసకు ఎక్కడో తగిలింది. జీపుకు బెదరని పిల్ల ఈ మాటకు సర్రున లేచింది.

"నా చేతి రాతల తప్పులుండవు సార్. మాట తెచ్చినోళ్లది, కాగితం నాది. వాళ్లు చెప్పినట్టే రాస్త."

అనేసి, నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది. ఆ పత్రికకు మాటలు చెప్పినవాళ్లు రమ్యను రెండో కూతురు అన్నారు. బయటివాడెవడూ అలా అనడు. రమ్య కూడా తనను తాను అలా అనుకోదు.

భీమమ్మ ఆ రెండు పల్లికాయలనూ తీసుకుని లేచింది. సాక్ష్యం బయటికి పోవడానికి వీల్లేదని లక్ష్మణ్ అడ్డం నిలబడ్డాడు. సాయంత్రానికి రాకేష్ మీద కేసు రాస్తాననీ, మానసను కూడా తీసుకుపోతాననీ చెప్పాడు. పెళ్లికొడుకు వెంకటేష్ నిన్నటి నుంచి స్టేషన్ బెంచీ మీదే కూర్చుని ఉన్నాడట. పెళ్లి సంగతి తర్వాత, పిల్ల క్షేమంగా దొరికితే చాలని కనిపించినవాళ్లందరినీ వేడుకుంటున్నాడట. అలాంటి మనిషికి ఏదో ఒక జవాబు చెప్పకుండా ఎన్నాళ్లు నాన్చమంటారని లక్ష్మణ్ బాధ. అది నిజమైన బాధేనని భీమమ్మకు తెలుసు.

"మీరు ఇప్పుడు డ్యూటీల లేరు మేడం" అన్నాడు ఆఖరి అస్త్రంగా.

"లేను. అందుకే నాకు తొందర లేదు. నేను ఫోన్ చేసేదాక ఈ పిల్లను జీపెక్కియ్యకు. ఎక్కిస్తే రేపు నీ అంతట నువ్వే దించాల్సి వస్తది."

రమ్య పేరున్న ఆ రెండు గింజలకూ ఫోనులో బొమ్మ తీసుకుని, పల్లికాయలను అతని చేతిలోనే పెట్టి బయటపడింది. జూరాల దాటి ఆత్మకూరు చేరేసరికి మధ్యాహ్నం అన్నాల వేళయింది.

మల్లయ్య ఇంటికి మానస చేసిన కాగితపు తోరణాలు కట్టి ఉన్నాయి. పల్లి ఆకులు, పూలు, కాయలు వరసగా. విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు కాబోలు. చుట్టాలు ఒక్కొక్కరే జారుకున్నారు. అరుగు మీద ఒక్కడే కూర్చున్న మల్లయ్య, పిల్లలెంతమందని భీమమ్మ అడిగితే తెలిసిన సంగతే మళ్లీ ఎందుకడుగుతున్నావన్నట్టు చూసి, ఒక్కతేనన్నాడు. తన అక్క కొడుకు శ్రవణ్ కుమార్ కారేసుకుని నిన్నటి నుంచి ఊరూరూ తిరుగుతున్నాడనీ, ఆ ఒక్క పిల్లగాడే ఈ కష్టంలో ఆసరా అనీ చెప్పుకొచ్చాడు.

రమ్య తల్లి సుగుణమ్మ వంటింట్లో ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి. పెళ్లికి దంచిన పసుపు డబ్బాకెత్తి మూత పెడుతోంది. భీమమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కూతురు గురించి అడగలేదు. ఆ పసుపు ఎక్కడ పట్టించారు, ఏ మిల్లులో మెత్తగా వస్తుంది అని ముచ్చట పెట్టి, మాటల్లో మాటగా అడిగింది.

"రమ్య ఎన్నో కాన్పు నీకు?"

"రెండో కాన్పు."

అడిగిన వెంటనే, ఆలోచన లేకుండా వచ్చిన జవాబు. మల్లయ్యదీ అబద్ధం కాదు. పిల్లలెందరంటే తండ్రి కళ్ల ముందు తిరిగేవాళ్లను లెక్కపెట్టి చెప్తాడు. తల్లి కాన్పులు లెక్కపెడుతుంది. ఆ లెక్కలో పోయినవాళ్లు కూడా పోకుండా ఉంటారు.

భీమమ్మ ఫోను తీసి, గింజ బొమ్మ చూపించింది. "ఈ మాట చెప్పి రాయించింది నువ్వే కదమ్మా" అంది మెల్లగా.

సుగుణమ్మ చేతిలోని డబ్బా మూత కింద పెట్టింది. తలుపు వైపు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, అరుగు మీది మనిషికి వినపడకుండా అంతా చెప్పింది. పెళ్లికొడుక్కు కర్నూలులో ఇదివరకే ఒక పెళ్లాం ఉందని ఆమె చెవిన పడింది. మొగుడితో చెప్తే, అవన్నీ ఓర్వలేనివాళ్లు పుట్టించే మాటలు, మాట ఇచ్చాక వెనక్కి పోనన్నాడు. పిల్లను ఊరికే దాచిపెడితే తండ్రి వెతికి తెచ్చి పీటల మీద కూర్చోబెడతాడు. అదే లేచిపోయిందని తెలిస్తే, మగపెళ్లివారే దండం పెట్టి తప్పుకుంటారు. అందుకని మానస దగ్గరికి పోయి, కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆ పత్రిక చేయించుకుంది. దిండు కింద పెట్టిందీ తానే, అందరికంటే ముందు చూసి గుండెలు బాదుకుందీ తానే.

పెద్ద కూతురు పాల పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చిందట. తెల్లారినాక దవాఖానకు పోదామన్నాడట మల్లయ్య. తెల్లారేసరికి పిల్ల లేదు.

"ఆయన మాట విని ఒక బిడ్డను మట్టిల పెట్టిన మేడం. ఈ పిల్ల పేరు పోతే పోయింది, పిల్ల ఉంటది అనుకున్న" అంది సుగుణమ్మ. కాసేపాగి, "అసలు పత్రికల ఆయన ఒక్కతే బిడ్డ అని రాయించిండు. ఆనాడే నా పానం కలుక్కుమన్నది. దొంగ పత్రికలనన్న నా పెద్దబిడ్డకు జాగ ఇద్దామనిపిచ్చింది" అంది.

భీమమ్మ ఎందరో నేరస్థులను చూసింది. ఎంత తెలివైనవాడైనా ఎక్కడో ఒకచోట ఆశపడి దొరికిపోతాడు. ప్రేమ ఆపుకోలేక దొరికిపోయిన మనిషిని చూడటం ఇదే మొదలు. బడి మెట్లెక్కని ఈ మనిషి ఊరినీ, మొగుడినీ, ఒక ఎస్సైనీ నిన్నటి నుంచి నమ్మించింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. రాకేష్ అన్న పేరు ఎవరిదని అడిగితే, నోటికి తోచిన పేరు చెప్పానంది. ఆ తోచిన పేరుగల పిల్లవాడు స్టేషన్లో కూర్చుని ఉన్నాడని తెలిసి తల పట్టుకుంది. ఇప్పుడే పోయి నిజం చెప్పి విడిపించుకొస్తానని లేవబోయింది.

పోదువులే, ముందు రమ్య ఎక్కడుందో చెప్పమంది భీమమ్మ. రాయచూరులో తన చెల్లెలు అమృతమ్మ ఇంట్లో ఉందంది సుగుణమ్మ. చేరినట్టు కబురొచ్చిందా అంటే, పోలీసులు ఫోన్లు వింటారు, అటు ఫోన్ చెయ్యొద్దని శ్రవణ్ చెప్పాడంది.

భీమమ్మ నిటారుగా కూర్చుంది.

"శ్రవణ్‌కు ఈ సంగతి ఎట్ల ఎరుక?"

"శ్రవణే గద మేడం నిన్న పొద్దుగాల కార్ల తీస్కపోయి దించొచ్చింది. మేనత్త కొడుకు. ఒకప్పుడు రమ్యను చేసుకుంట అన్నడు గని, మా ఆయన కాదంటే మల్ల ఆ మాట ఎత్తలే. మంచి పిల్లగాడు."

"పెండ్లికొడుక్కు కర్నూల్ల పెండ్లాం ఉన్నదని నీకు చెప్పిందెవరు?"

సుగుణమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట చెప్పింది కూడా శ్రవణేనని ఆమె కళ్లలోనే కనిపించింది. స్టేషన్ బెంచీ మీద కూర్చుని పిల్ల క్షేమంగా ఉంటే చాలంటున్న వెంకటేష్ భీమమ్మకు గుర్తొచ్చాడు.

అమృతమ్మ నంబరు అడిగి, తన ఫోను నుంచే కలిపింది భీమమ్మ. సుగుణమ్మకు వినపడేలా స్పీకర్ పెట్టి, మాట్లాడమని సైగ చేసింది. రమ్య అన్నం తిన్నదా అని మాత్రం అడగగలిగింది సుగుణమ్మ.

"రమ్యనా? ఈడికి రాలే గదక్కా" అంది అవతలి గొంతు ఉత్సాహంగా. "నిన్న శ్రవణ్ ఫోన్ చేసిండు. సంబంధం మంచిదేనంట, పిల్లను పంపుతలేము, నువ్వే పెండ్లికి రా అన్నడు. నేను చీరలు సదురుకుంటున్న. రేపు మొదటి బస్సుకే బయల్దేరుత."

భీమమ్మ ఫోను పెట్టేసింది. పత్రిక అబద్ధం, ప్రేమ అబద్ధం, పెళ్లికొడుకు మీది నింద బహుశా అబద్ధం. ఈ అబద్ధాలన్నిటి నడుమ ఒక్క నిజం మిగిలింది. రమ్య ఎక్కడుందో తల్లికి కూడా తెలియదు.

"నా చేతులతోని నేనే కారెక్కించిన" అంది సుగుణమ్మ. ఆ గొంతులో తడి కూడా లేదు.

ఇంటి ముందు కారు ఆగింది. ఒక్క తలుపే తీసి మూసిన చప్పుడు. అరుగు మీద మల్లయ్య, ఏమన్నా తెలిసిందా నాయనా అని ఆత్రంగా అడుగుతున్నాడు. అమరచింత దాకా పోయొచ్చాను మామా, ఎక్కడా జాడ లేదు అంటున్న గొంతు ఎంతో అలసిపోయినట్టుంది.

భీమమ్మ సుగుణమ్మ భుజం గట్టిగా పట్టుకుంది. "వాడు బెదిరితే రమ్య ఎక్కడున్నదో మనకు తెల్వదు. ఏడ్వకు. ఏమడుగకు. నేను లక్ష్మణ్‌ను పిలిపిస్త. అప్పటిదాక వాన్ని ఈడనే కూసోపెట్టు. నీతోటి అయితదా?"

సుగుణమ్మ పసుపు డబ్బా పక్కకు జరిపింది. లేచి నిలబడి, కొంగు సవరించుకుంది. భీమమ్మ పెరటి తలుపు చాటుకు జరిగి, ఫోనులో లక్ష్మణ్‌కు రాకేష్‌ను వదిలెయ్ అనీ, వెంటనే మల్లయ్య ఇంటికి రమ్మనీ రాసింది.

"అత్తమ్మా" అని పిలుస్తూ శ్రవణ్ కుమార్ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

నిన్నటి నుంచి ఊరందరి ముందూ లేని ఏడుపు ఏడ్చిన సుగుణమ్మ, ఇప్పుడు గొంతు దాకా వచ్చిన ఏడుపును మింగి, అతని ముందు కంచం పెట్టింది.

"కాళ్లు కడుక్కో అల్లుడా. ఎప్పుడు తిన్నవో ఏమో. వేడి వేడి అన్నం పెడ్త, నింపాదిగ తిను."